పాత .315 రైఫిల్: వేటకు సరిపడే గురి అంటే ఎంత, ముందుగా ఏం చూసుకోవాలి?

ఉదయగిరి_మెట్ట:

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి ప్రాంతం. మా తాతగారు కొని, మా నాన్నగారు దాచి, ఆయన పోయిన తరువాత నా పేరున లైసెన్సు మంజూరయ్యాక నా చేతికి వచ్చిన ఇషాపూర్ ఫ్యాక్టరీ .315 బోరు (గొట్టం లోపలి వ్యాసం అంగుళాల్లో) బోల్ట్ రైఫిల్ ఒకటి మా ఇంట్లో ఉంది. వేట ఉద్దేశం నాకు లేదు, చట్టమూ ఒప్పుకోదు. అయితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రాక పూర్వం మా తాతగారు వెలిగొండల అంచున వేరుశెనగ చేల మీద పడే అడవి పందులను ఇదే తుపాకితో వంద గజాల దూరాన ఒక్క దెబ్బకు పడగొట్టేవారని ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు.

పోయిన నెల మా జిల్లాకు దూరంగా ఉన్న ఒక షూటింగ్ రేంజికి అనుమతితో వెళ్లి, కూర్చుని, ఇసుక సంచి మీద ఆనించి 100 మీటర్ల దూరాన అయిదు తూటాలు కాల్చాను. అయిదు రంధ్రాలూ కలిసి నిలువున 18 సెంటీమీటర్లు, అడ్డంగా 6 సెంటీమీటర్లు వచ్చాయి. మొదటిది అన్నిటికంటే కింద పడింది, తరువాతివి ఒకదాని మీద ఒకటి పైకి పాకాయి. గొట్టం అరిగిపోయింది, ఇక లాభం లేదని అక్కడే ఒకాయన తేల్చేశాడు. నా సందేహాలు రెండు. వేట తుపాకికి ఎంత గురి ఉంటే సరిపోతుందని పూర్వం లెక్క వేసేవారు? గొట్టం మీద నేరం మోపే ముందు నేను చూసుకోవలసినవి ఏమిటి? తూటాల ధర, లైసెన్సులో ఏడాదికి ఇచ్చిన పరిమితి కారణంగా ఎడాపెడా కాల్చి తెలుసుకునే వీలు నాకు లేదు.

పాత_ఆర్మరర్ (ఒంగోలు):

సైన్యంలో ఆయుధాల మరమ్మతు విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి, ఇప్పుడు ఒంగోలులో విశ్రాంతిగా ఉన్నాను. మీరు రంధ్రాల లెక్కే కాక అవి పడిన వరుస కూడా రాశారు కాబట్టి జవాబు చెప్పడం సులువైంది. అడ్డంగా 6 సెంటీమీటర్లే ఉండి నిలువున మూడింతలు సాగిందంటే ఆ గొట్టం చెడిపోలేదు. గుండును తిప్పే లోపలి గాడులు, అంటే రైఫ్లింగ్ మెలికలు, అరిగిన గొట్టానికి పైకీ కిందికీ అనే పక్షపాతం ఉండదు, గుండ్లను నలుదిక్కులకూ చల్లుతుంది. పైకి మాత్రమే పాకుతున్నాయంటే మీరు కాల్చే కొద్దీ ఏదో ఒకటి క్రమంగా మారుతూ వస్తోంది.

తూటాల్లో మందు ఎక్కువ తక్కువలు కావచ్చని కొందరు అంటారు. లెక్క వేసి చూద్దాం. సెకనుకు 600 మీటర్ల వేగంతో బయలుదేరిన గుండు 100 మీటర్లు చేరేసరికి భూమ్యాకర్షణకు సుమారు 15 సెంటీమీటర్లు దిగుతుంది. ఒక తూటాకూ మరొక తూటాకూ వేగంలో 15 మీటర్ల తేడా ఉన్నా ఆ దూరంలో పడే చోటు ఒక సెంటీమీటరు కూడా మారదు. అదే 300 మీటర్ల దగ్గరైతే ఆ తేడా పది సెంటీమీటర్లకు చేరువవుతుంది కాబట్టి పోటీల వాళ్లు తూటాల విషయంలో అంత పట్టుదలగా ఉంటారు. మీ 18 సెంటీమీటర్లకు మాత్రం తూటాలు కారణం కావు.

ఇక మిగిలేది చెక్క, ఇనుము కలిసే చోటు. మీ రైఫిల్ బ్రిటిషు సైన్యం వాడిన లీ-ఎన్‌ఫీల్డ్ వంశానిది. దీని చెక్క ఒకే ముక్క కాదు. ముందు చెక్క వేరు, భుజానికి ఆనే మడమ వేరు. తూటాలు ఉండే పెట్టె, అంటే మ్యాగజైన్‌కు ముందు కింది వైపున ఉండే పెద్ద స్క్రూ ముందు చెక్కను ఇనుముకు బిగించి పట్టుకుంటుంది. తుపాకి తన్నినప్పుడు ఆ దెబ్బను కాచుకునేది ముందు చెక్క లోపలి రెండు భుజాలే. యాభై ఏళ్లు నూనె తాగి, మన ఎండలకు ఎండి, వానాకాలపు చెమ్మకు ఉబ్బి, చెక్క కుంచించుకుపోతే ఆ భుజాలు ఇనుముకు ఎడమవుతాయి. అప్పుడు ప్రతి దెబ్బకూ గొట్టం చెక్కలో ఒక్కో తీరుగా కూర్చుంటుంది. ఇందులో ఒక మోసం కూడా ఉంది. ఆ స్క్రూ లోపల చిన్న ఇనుప గొట్టం వంటి కాలరు ఉంటుంది. చెక్క తగ్గిపోయినప్పుడు స్క్రూ కాలరుకు ఆని బిగిసినట్టే అనిపిస్తుంది, చెక్క మాత్రం వదులుగానే ఉంటుంది. చేత్తో ముందు చెక్కను కొద్దిగా ఊపి చూడండి.

ఒక హెచ్చరిక. మడమ వదులైందనిపించి వెనుక నుంచి పొడవాటి స్క్రూడ్రైవరు పెట్టి తిప్పకండి. ఈ వంశపు పాత రైఫిళ్లలో మడమను పట్టే బోల్టు కొస చతురస్రంగా ఉండి ముందు చెక్కలోని ఒక బిళ్లలో ఇరుక్కుని ఉంటుంది. ముందు చెక్కను తీయకుండా దాన్ని తిప్పితే చెక్క నిలువునా చీలుతుంది. నేను బాగుచేసిన వాటిలో సగం ఇలా చీలి వచ్చినవే. మీ ఊరి చుట్టూ చెక్క చెంచాలు చెక్కే గొప్ప పనివారు ఉన్నారని తెలుసు, అయినా ఈ పని లైసెన్సు ఉన్న తుపాకి మరమ్మతుదారుకే ఇవ్వాలి.

రెండు ప్రశ్నలు. ఇసుక సంచి మీద ఆనింది చెక్కా, గొట్టమా? అయిదు తూటాలూ ఎంత సమయంలో కాల్చారు?

ఉదయగిరి_మెట్ట:

సిగ్గుపడుతూ చెబుతున్నాను, ఆనింది గొట్టమే. సంచి ఎత్తు సరిపోక రైఫిల్‌ను కాస్త వెనక్కి లాక్కున్నాను. అయిదు తూటాలకూ మూడు నిమిషాలు పట్టి ఉండవచ్చు. వెనుక మరొకరు వేచి ఉన్నారు. ముందు చెక్క ఊగుతోంది కూడా, ఎక్కువ కాదు, గోటి మందమంత.

పాత_ఆర్మరర్ (ఒంగోలు):

మూడు కారణాలు మీరే చెప్పేశారు. గుండు గొట్టం దాటే లోపల ఆ గొట్టం వీణ తీగలా కంపిస్తుంది. ప్రతిసారీ ఒకే తీరుగా కంపిస్తే గుండ్లు ఒకచోట పడతాయి. గొట్టం కింద సంచి ఉంటే ఆ కంపం మారుతుంది, సంచి కొద్దిగా జరిగితే మళ్లీ మారుతుంది. వేడెక్కిన గొట్టం వదులు చెక్క మీద ఒక వైపు ఒత్తుకుంటూ పోతే రంధ్రాలు ఒక దిక్కుగా నడుస్తాయి. చెక్కను, అదీ మ్యాగజైన్‌కు దగ్గరి భాగాన్ని సంచి మీద ఆనించండి. దెబ్బకు దెబ్బకు మధ్య అయిదు నిమిషాలు వదలండి. స్క్రూ సంగతి మరమ్మతుదారు చూసుకుంటాడు.

పెన్నా_తీరం:

నేను నెల్లూరులో ఉంటూ పోటీల కోసం .22 కాలుస్తాను, పెద్ద బోరు అనుభవం తక్కువ. అయినా మీ మొదటి ప్రశ్నకు లెక్కతో జవాబు చెప్పవచ్చు. గురిని కొలవడానికి వాడే మినిట్ ఆఫ్ యాంగిల్ అంటే ఒక డిగ్రీలో అరవయ్యో వంతు. 100 మీటర్ల దూరాన అది 2.9 సెంటీమీటర్లు. అంతర్జాతీయ 300 మీటర్ల రైఫిల్ పోటీలో పది మార్కుల వలయం వ్యాసం 10 సెంటీమీటర్లు, అంటే ఒక మినిట్‌కు కాస్త ఎక్కువ. ఆ పోటీకి రైఫిల్ దానికంటే మెరుగ్గా ఉండాలి. వేట లెక్క వేరు. అడవి పంది ఛాతీలో గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు 15 నుంచి 20 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. 100 మీటర్లకు నాలుగు మినిట్ల రైఫిల్ అయినా, అంటే రంధ్రాలన్నీ 12 సెంటీమీటర్లలో పడే గుంపు వేసేదైనా, తన వంతుగా ఆ వలయంలోనే ఉంటుంది.

తన వంతుగా అన్నాను, ఎందుకంటే రైఫిల్ తప్పు, మనిషి తప్పు మామూలుగా కూడుకోవు. రెండింటి వర్గాలు కూడి, వాటి వర్గమూలం అసలు తప్పు అవుతుంది. నిలబడి చేతుల మీద కాల్చినప్పుడు మనిషి చెదరింపు 20 సెంటీమీటర్లు, రైఫిల్‌ది 9 అనుకుంటే మొత్తం 22. లక్షలు పోసి 3 సెంటీమీటర్లు మాత్రమే చెదిరే రైఫిల్ తెచ్చుకున్నా మొత్తం 20కి తగ్గుతుంది, అంతే. అదే డబ్బు లేకుండా, నేల మీద కూర్చుని మోచేతులు మోకాళ్లకు ఆనించి మనిషి తప్పును 10కి తెచ్చుకుంటే పాత రైఫిల్‌తోనే మొత్తం 13న్నరకు దిగుతుంది. మీ తాతగారి రహస్యం ఇక్కడ ఉండి ఉంటుందని నా అనుమానం.

మరొక మాట. మూడు తూటాలు కాల్చి, దగ్గరగా పడ్డ మూడు రంధ్రాల ఫోటో పెట్టి, ఇది నా రైఫిల్ గురి అని చెప్పుకునే అలవాటు ఎక్కువైంది. అదే రైఫిల్, అదే మనిషి పది తూటాలు కాలిస్తే గుంపు సగటున మూడు తూటాల గుంపుకు ఒకటిన్నర రెట్లు మించి ఉంటుంది, అయిదు తూటాల గుంపుకు ఒకటింబావు రెట్లు ఉంటుంది. రైఫిల్ ఏమీ పాడవకుండానే ఈ తేడా వస్తుంది. కాబట్టి ఒక్క అయిదు తూటాల కాగితం చూసి గొట్టం అరిగిందని తీర్పు చెప్పిన పెద్దమనిషి మాట పట్టించుకోకండి.

మీ వయసు అడగవచ్చా? గురి చూసే సైట్లు టెలిస్కోపువా, మామూలువా?

ఉదయగిరి_మెట్ట:

మామూలు సైట్లే. నాకు నలభై ఎనిమిది. చదవడానికి అద్దాలు వాడతాను, రేంజిలో పెట్టుకోలేదు.

పెన్నా_తీరం:

అయితే మరొక కారణం దొరికినట్టే. ముందు సైటు, వెనుక సైటు మధ్య దూరం 50 సెంటీమీటర్లు అనుకుంటే, వాటిని కలిపి చూడటంలో పావు మిల్లీమీటరు తప్పు జరిగినా 100 మీటర్ల దగ్గర అది 5 సెంటీమీటర్లు. నలభై దాటిన కంటికి ముందు సైటు అంచు మసకబారుతుంది. మసక అంచుకు పావు మిల్లీమీటరు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియదు. చదివే అద్దాలు దీనికి పనికిరావు, వాటితో సైటు బాగానే కనిపించినా లక్ష్యం పూర్తిగా మాయమవుతుంది. కంటి డాక్టరును సంప్రదించి మీ దూరదృష్టి అద్దానికి అదనంగా +0.5 లేదా +0.75 పవరు వేయించుకోండి. మా క్లబ్బులో నడివయసు దాటిన వాళ్లు చాలామంది చేసే పని ఇది. దృష్టి ముందు సైటు మీద నిలవాలి, లక్ష్యం కొద్దిగా మసకగా ఉన్నా ఫరవాలేదు.

కొత్త_షూటర్:

ఇంత తర్జనభర్జన ఎందుకండీ? ఒక టెలిస్కోపు బిగిస్తే సమస్య తీరిపోతుంది కదా.

పాత_ఆర్మరర్ (ఒంగోలు):

టెలిస్కోపు తప్పు చూపిస్తుంది, సరిచేయదు. వదులు చెక్క మీద టెలిస్కోపు పెడితే 18 సెంటీమీటర్ల గుంపును మరింత స్పష్టంగా చూడగలరు. పైగా ఈ రైఫిల్‌కు దాన్ని గట్టిగా నిలిపే ఏర్పాటు పుట్టుకతో లేదు, ఇనుముకు తొర్రలు వేయాలి. నా దగ్గరకు వచ్చే టెలిస్కోపు రైఫిళ్లలో గురి తప్పినవన్నిటికీ మొట్టమొదట నేను చూసేది దాని స్క్రూలే. పదింట ఆరేడు అక్కడే తేలిపోతాయి.

రాపూరు_పెద్దాయన:

నేను రాపూరు ప్రాంతం వాణ్ణి, డెబ్బై దాటాయి. వేటకు పర్మిట్లు ఇచ్చే కాలంలో మా నాన్నగారి వెంట పెంచలకోన వైపు అడవుల్లో పిల్లవాడిగా తిరిగాను. ఆయన దగ్గర కూడా .315 ఉండేది. ఆ రోజుల్లో ఈ బోరు ఎందుకింత వ్యాపించిందో పిల్లలకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. సైన్యం వాడే .303 తూటా పౌరుల చేతికి పోకూడదని బ్రిటిషు ప్రభుత్వం నిషేధించింది. అందుకే సైన్యం తూటా కుదరని మరొక బోరులో అదే తరహా రైఫిళ్లు పౌరులకు అమ్మారు. ఆ నిషేధం నేటికీ ఉంది.

ఉదయగిరి అబ్బాయికి ఒక సంగతి చెప్పాలి. వంద గజాలు అని ఊళ్లో చెప్పేవాళ్లు టేపు పెట్టి కొలవలేదు. మా నాన్నగారు అడవిలో యాభై అరవై అడుగులు దాటి గుండు వదలడం నేను అరుదుగా చూశాను. అంత దగ్గరకు రావడానికి గాలి వాటం చూసుకుని గంటసేపు కూర్చునేవారు. చెట్టుకు వీపు ఆనించకుండా, మోకాలు ఆనించకుండా ఆయన మీట నొక్కగా నేను చూడలేదు. దెబ్బ తగలదనిపిస్తే తుపాకి దించేసేవారు. గాయపడ్డ పందిని వెతుక్కుంటూ రాత్రంతా కంపల్లో తిరిగిన అనుభవం ఒకసారి అయ్యాక ఆ దించడం మరీ ఎక్కువైంది.

అసలు సంగతి ఇది. మీరంతా అయిదు రంధ్రాల గుంపు గురించి మాట్లాడుతున్నారు. వేటలో రెండో దెబ్బ అంటూ ఉండదు, ఉన్నా పరుగెత్తే జంతువు మీద ఉంటుంది. రాత్రంతా మంచులో చల్లబడి, లోపల నూనె పూత ఉన్న గొట్టం నుంచి వెళ్లే మొదటి గుండు ఎక్కడ పడుతుందన్నదే మా నాన్నగారి లెక్క. ఆయన సంక్రాంతికి ముందు ఒక అట్ట మీద వరుసగా నాలుగైదు రోజులు, రోజుకు ఒక్కటే తూటా, తెల్లవారుజామున కాల్చేవారు. ఆ నాలుగైదు రంధ్రాలు అరచేతిలో ఇమిడితే ఆ ఏటికి రైఫిల్ బాగున్నట్టు. తూటాలు తక్కువని అన్నారు గదా, మీకు కూడా ఈ పద్ధతే చవక.

పాత_ఆర్మరర్ (ఒంగోలు):

పెద్దాయన చెప్పినదానితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నూనె పూత ఉన్న గొట్టం నుంచి వెళ్లే మొదటి గుండు మిగతావాటికి ఎడంగా పడటం చాలా సహజం. ఉదయగిరి వారి మొదటి రంధ్రం కిందికి ఉండటంలో దీనికీ కొంత వాటా ఉండవచ్చు. కాల్చే ముందు పొడి గుడ్డతో గొట్టం లోపలి నూనెను పూర్తిగా తుడవాలి.

శుభ్రం మాట వచ్చింది కాబట్టి మరొకటి. పాతకాలపు తూటాల అడుగున నిప్పు రాజేసే క్యాపు మందులో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది కాలాక గొట్టంలో మిగిలేది ఉప్పు వంటి పదార్థం. గాలిలో చెమ్మను పీల్చుకుని తుప్పు పట్టిస్తుంది. ఉప్పు నూనెలో కరగదు, నీళ్లలో కరుగుతుంది. ఇంట్లో తాతగారి నాటి తూటాలు ఉంటే, వాటిని కాల్చకపోవడమే మేలు. ఎప్పుడో కాల్చి నూనె మాత్రమే రాసి పెట్టిన గొట్టాలు కోస్తా ఊళ్లలో ఎలా అయ్యాయో నేను చూశాను. వేడినీళ్లు పోసి, ఆరబెట్టి, ఆ తరువాత నూనె రాయడమే పాత పద్ధతి.

గొట్టం కొన కూడా చూడండి. గుండు బయటపడే ఆఖరి అంచు చుట్టూ ఒకే తీరుగా లేకపోతే, వెనుక నుంచి తన్నే వాయువు ఒక పక్క ముందుగా తప్పించుకుని గుండును పక్కకు తోస్తుంది. తూటా లేదని రెండుసార్లు చూసుకుని, తూటా ఎక్కించడానికి లాగే బోల్టును (మడమ బోల్టు కాదు) తీసేసి, దూది పుల్లతో లోపలి అంచును చుట్టూ నెమ్మదిగా రాయండి. ఎక్కడైనా దూది పీచు చిక్కుకుంటే అక్కడ గాటు ఉన్నట్టు. శుభ్రం చేసే తాడును కొన వైపు ఏటవాలుగా లాగి లాగి ఒక పక్క అరగదీసిన రైఫిళ్లు ఈ వంశంలో చాలా ఉన్నాయి. ఇకనుంచి కడ్డీతో, వెనుక వైపు నుంచి శుభ్రం చేసుకోండి.

పొదలకూరు_వకీలు:

ఇది చదివే కుర్రవాళ్ల కోసం రెండు ముక్కలు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పంది రక్షిత జంతువే. 2022 సవరణ తరువాత అది రెండో షెడ్యూలులో ఉంది. పంటకు నష్టం చేస్తున్నా, 11వ సెక్షన్ కింద అధికారి రాతపూర్వకంగా అనుమతించకుండా దాన్ని చంపడం నేరం. లైసెన్సు ఉన్నంత మాత్రాన పొలంలో అట్ట నిలబెట్టి కాల్చవచ్చని కూడా అనుకోకండి. పెద్దాయన చెప్పిన అట్ట పద్ధతిని రేంజిలోనే చేయండి.

ఉదయగిరి_మెట్ట:

అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాల తరువాత రాస్తున్నాను. లైసెన్సు ఉన్న మరమ్మతుదారు ముందు చెక్క తీసి చూస్తే ఆర్మరర్ గారు చెప్పినట్టే స్క్రూ కాలరుకు ఆని ఉంది, చెక్క ఆనలేదు. ఆయన కాలరును సరిచేసి, లోపలి భుజాల దగ్గర పలుచని ముక్కలు అతికించి కూర్చోబెట్టారు. గొట్టం కొన బాగానే ఉంది, దూది ఎక్కడా చిక్కలేదు. కొత్త అద్దం ఇంకా రాలేదు.

నిన్న రేంజికి వెళ్లి, గొట్టం పొడిగా తుడిచి, ముందు చెక్కను సంచి మీద ఆనించి, అయిదేసి నిమిషాలు ఆగుతూ అయిదు కాల్చాను. నిలువు 9, అడ్డం 7 సెంటీమీటర్లు. పైకి పాకడం ఆగిపోయింది. అయితే మొదటి రంధ్రం మాత్రం మిగతా నాలుగింటి నడుమ నుంచి ఇంకా 4 సెంటీమీటర్లు కిందే ఉంది. ముందు సైటును ఆకురాయితో కాస్త తగ్గించి మొదటి దెబ్బనే నడిబొడ్డుకు తెచ్చుకోమంటారా?

పాత_ఆర్మరర్ (ఒంగోలు):

సగానికి తగ్గింది, సంతోషం. ఆకురాయి మాత్రం ముట్టకండి. ముందు సైటు తగ్గితే దెబ్బ పైకి లేస్తుందన్నది నిజమే, కానీ పెన్నా తీరం గారి లెక్కనే తీసుకుంటే 100 మీటర్ల దగ్గర 4 సెంటీమీటర్లకు తగ్గవలసింది 0.2 మిల్లీమీటర్లు. ఆకురాయి రెండుసార్లు ఎక్కువ తగిలితే అది దాటిపోతుంది, అరగదీసిన ఇనుము తిరిగి రాదు. పైగా మీ దగ్గర ఉన్న చల్లని గొట్టపు దెబ్బలు రెండే, అందులో మొదటిది వదులు చెక్కతో కాల్చినది కాబట్టి లెక్కలోకి రాదు. ఈ కాగితాన్ని దాచండి. మరో మూడుసార్లు వెళ్లినప్పుడు ప్రతిసారీ మొదటి తూటాను దాని మీదే కాల్చండి, కొత్త అద్దం పెట్టుకుని. ఆ మొదటి దెబ్బలన్నీ కిందనే ఒకచోట చేరితే ఎత్తు తక్కువ ఉన్న మరో ముందు సైటు మార్పించుకోవచ్చు. పాతది అలాగే పెట్టెలో ఉంటుంది.

రాపూరు_పెద్దాయన:

కాగితం మీద తేదీ, వేళ కూడా రాసుకో నాయనా. మా నాన్నగారి అట్టలు ఇంకా మా అటక మీద ఉన్నాయి. ప్రతి రంధ్రం పక్కన పెన్సిలుతో రోజు, మంచు ఉందో లేదో రాసి ఉంటుంది.